తెలుగు పుస్తకాలు తెప్పించి అమ్ముదామని: సుంకం సంగతి కాస్త చెప్తారా?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి (2025 నవంబర్)

అందరికీ నమస్కారమండీ. మేం ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. మాది తెనాలి. పిల్లల బొమ్మల పుస్తకాలు, పెద్దవాళ్లకి పాత నవలలు, కథలు తెప్పించి ఇంటి నుంచే అమ్ముదామని నా ఆలోచన. అమ్మ అప్పుడే 60 పుస్తకాలు అట్టపెట్టెలో సర్దేసింది. ఇండియా సరుకు మీద 50 శాతం సుంకం అంటున్నారు కదా, 250 రూపాయల పుస్తకం నాకు 375 పడుతుందా? ఇక దాన్ని ఎంతకమ్మాలి?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

కంగారుపడకమ్మా. పుస్తకానికి సుంకం లేదు. మామూలు కస్టమ్స్ పట్టికలో 4901 అనే కోడ్ కింద ఎప్పటినుంచో సున్నాయే. ఈ 2025లో వేసిన 50 శాతం ఆగస్టు 7న ఒక పాతిక, 27న ఇంకో పాతిక కలిసి అయింది. రెండూ 1977 నాటి అమెరికా అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం కింద వేసినవే. ఆ చట్టంలో 1988లో హోవార్డ్ బెర్మన్ అనే కాంగ్రెస్ సభ్యుడు ఒక సవరణ పెట్టించాడు. దాని ప్రకారం పుస్తకాలు, పత్రికలు, సినిమాలు, ఫొటోల్లాంటి వాటి జోలికి అధ్యక్షుడు ఈ చట్టంతో రాకూడదు. నా పుస్తకాల కొట్టు బతికున్నది ఆ సవరణ పుణ్యాన.

సుంకం లేదు కదా అని మనకి దెబ్బ తగల్లేదనుకోకు. 800 డాలర్లలోపు సరుకు సుంకం లేకుండా వచ్చే వెసులుబాటు ఆగస్టు 29న ఎత్తేశారు. ఆ ఉత్తర్వులో కూడా పుస్తకాల్ని మినహాయించారు. అయినా మిగతా సరుకు మీద డబ్బు ఎవరు వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ 25వ తేదీ నుంచే అమెరికా పార్సిళ్లు ఆపేసింది. పోస్టాఫీసు కిటికీలో కూర్చున్నాయనకి పుస్తకమైనా పచ్చడి జాడీ అయినా ఒకటే. మళ్లీ తెరిచింది అక్టోబర్ 15న. ఇక్కడి తెలుగు బడులు మొదలయ్యేది సెప్టెంబర్‌లో, నా ఏడాది అమ్మకంలో సగం ఆ నెలదే. పిల్లల వాచకాలు విజయవాడలో ఒక స్నేహితుడి వరండాలో కూర్చున్నాయి. డబ్బు కట్టినవాళ్లలో పదకొండు మందికి వెనక్కి ఇచ్చేశాను.

సరే కొరియర్‌లో వేద్దామని వేశాను. కిలోకి ఎనిమిది వందలు అడిగారు. డెమ్మీ సైజు, రెండొందల పేజీల పుస్తకం పావుకిలో తూగుతుంది. అంటే 250 పెట్టి కొన్న పుస్తకానికి దారిఖర్చే 200. దాని తర్వాత కస్టమ్స్ కాగితాల పని చూసే బ్రోకర్ ఫీజు. అది పది పుస్తకాలున్నా ఐదొందలున్నా దాదాపు ఒకటే. కంటైనర్ తెప్పించేవాడికి పుస్తకానికి పైసల్లో పడేది నాకు డాలర్లలో పడుతుంది. నేను అమ్మేదేమో నలభై రకాలు, రకానికి ఒకటో రెండో కాపీలు.

అన్నిటికంటే పెద్ద తప్పు నాదే. పిల్లల పుస్తకాలతో ఉచితంగా ఇద్దామని అదే పెట్టెలో కొండపల్లి బొమ్మలు పన్నెండు పెట్టించాను. అక్కడ పెట్టె కట్టినాయన బిల్లు మీద ‘పుస్తకాలు, బొమ్మలు, స్టేషనరీ’ అని ఒకే వరసలో, మొత్తానికి ఒకే ధర వేసి రాశాడు. ఇక్కడ దించుకున్న కొరియర్ వాళ్లు మొత్తం విలువకీ యాభై శాతం కట్టించుకున్నారు. అప్పీలు చేస్తే తిరిగి రావచ్చట, కానీ ఆ కాగితాలు నింపే బ్రోకర్ అడిగింది తిరిగొచ్చే దానికన్నా ఎక్కువ. వదిలేశాను. బొమ్మల్లో ఎడ్లబండికి ఒక చక్రం ఊడింది కూడా.

అందుకని, అమ్మగారితో ఆ పెట్టె విప్పించు. పుస్తకాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. నోటుపుస్తకం పేరుకే పుస్తకం, దాని కోడ్ 4820. గోడ క్యాలెండర్ 4910. బిల్లు మీద ఒక్కో పుస్తకం పేరు, ఎన్ని కాపీలు, ధర, ‘అచ్చయిన పుస్తకం’ అన్న మాట, 4901.99 అన్న కోడ్, అచ్చయిన దేశం విడివిడిగా ఉండాలి. మినహాయింపు కోడ్ వేరే ఉంటుంది, అది వేయమని బ్రోకర్‌కి ముందే మెయిల్ పెట్టు. వాళ్లంతట వాళ్లు వేస్తారని కూర్చోకు. అక్కడ నీ తరఫున పంపేవాళ్లకి ఇండియా ప్రభుత్వం ఇచ్చే ఎగుమతి కోడ్ ఉందా అని కూడా అడుగు. నేను కొనే ప్రచురణకర్తల్లో సగంమందికి లేదు.

ఆస్టిన్ నుంచి

ఇంత తలనొప్పి ఎందుకండీ? ఊరినుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో 23 కిలోలు. చుట్టాలు వస్తూనే ఉంటారు కదా!

ఎడిసన్ నుంచి

తమ్ముడూ, చదువుకోడానికైతే తెచ్చుకో. అమ్మకానికి తెస్తే అది సరుకు, డిక్లేర్ చేయాలి. పుస్తకాలకి కట్టేదేమీ ఉండదు గానీ, దాచి దొరికితే ఇబ్బంది పడేది పాపం ఆ మోసుకొచ్చిన పెద్దావిడ.

ఫ్రీమాంట్ నుంచి

మీరందరూ కోడ్‌ల గొడవలో పడి అసలు ప్రశ్న అడగలేదు. చెల్లెమ్మా, నువ్వు ఏ వీసా మీద ఉన్నావు? హెచ్4 (ఉద్యోగ వీసా మీదున్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది) అయితే, పని చేసుకోడానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చేదాకా ఒక్క పుస్తకం కూడా అమ్మకు. హెచ్1 ఉద్యోగ వీసా మీదున్న మీ ఆయన పేరున కూడా నడపకూడదు. ముందు లాయర్‌ని అడుగు, తర్వాతే పెట్టె.

స్లౌ, ఇంగ్లండ్ నుంచి

ఇక్కడ పుస్తకాలకి సుంకమూ సున్నా, వ్యాటూ సున్నా. ఇండియాలో మనవాళ్లే 2019 బడ్జెట్‌లో బయటినుంచి వచ్చే పుస్తకాల మీద 5 శాతం వేశారు, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఫ్రిస్కో నుంచి

అందరికీ చాలా థాంక్సండీ. నాది హెచ్4 యే, ఈఏడీకి పెట్టాం, ఇంకా రాలేదు. అంచేత అమ్మకం సంగతి అప్పటిదాకా ఎత్తను. అమ్మకి ఫోన్ చేసి పెట్టె విప్పించాను. ఎడిసన్ అన్నయ్యగారూ, నవ్వకండి: అందులో ఆరు కొండపల్లి బొమ్మలు, రెండు డజన్ల నోటుపుస్తకాలు, అరకిలో సున్నుండలు ఉన్నాయి.