దిక్కరీంద్రజిత హిమగిరీంద్రసిత: ఇందులో ధిక్కారం లేదు

‘శంకరాభరణం’ పాటల మీద ఇక్కడ జరుగుతున్న చర్చలో ఒకరు మంచి ప్రశ్న అడిగారు. జవాబు కామెంట్లో పట్టదు కాబట్టి విడిగా రాస్తున్నాను. “శంకరా నాదశరీరాపరా” పాట చరణంలో “ధిక్కరీంద్రజిత హిమగిరీంద్రసిత కంధరా, నీలకంధరా” అని వస్తుంది కదా, శివుడు ఎవరిని ధిక్కరించాడు, ఇంద్రజిత్తుకు ఇక్కడేం పని అని వారి సందేహం.

ఇంద్రజిత్తు ఇక్కడ లేడు. ధిక్కారమూ లేదు. నెట్‌లో చాలాచోట్ల ‘ధి’ అని వత్తు పెట్టి రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. అర్థం కుదిరేది ‘దిక్కరీంద్ర’ అంటేనే. దిక్ + కరి = దిక్కరి, అంటే దిగ్గజం, దిక్కును కాసే ఏనుగు. తొండమే చేయిగా గలది కనుక ఏనుగుకు కరి అని పేరు. దిక్కరులలో ఇంద్రుడు, అంటే శ్రేష్ఠుడు, దిక్కరీంద్రుడు. అమరకోశం ఎనిమిది దిగ్గజాల పేర్లు చెబుతూ ఐరావతంతో మొదలుపెడుతుంది.

ఇక ‘జిత’ దగ్గర అసలు పేచీ. దిగ్గజాలను జయించినవాడు అనాలంటే ‘జితదిక్కరీంద్ర’ అనాలి కదా, ‘దిక్కరీంద్రజిత’ అంటే దిగ్గజం చేతిలో ఓడినవాడు అనే అర్థం రాదా అని వ్యాకరణం తెలిసినవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బహువ్రీహిలో, అంటే తనలోని మాటలు కాక వేరొకరిని సూచించే సమాసంలో, ‘జిత’ లాంటి క్తప్రత్యయాంతం ముందుండాలన్నది నియమం. అయితే ‘వాహితాగ్న్యాదిషు’ అనే పాణిని సూత్రం ఆ వరసను కొన్ని మాటల్లో తిప్పుకోనిచ్చింది. అగ్నిని నెలకొల్పుకున్నవాణ్ణి ఆహితాగ్ని అన్నా అగ్న్యాహితుడు అన్నా ఒకటే. ‘దిక్కరీంద్రజిత్’ అని పొల్లుతో పెడితే వ్యాకరణానికి ఇబ్బంది లేదు గానీ, తర్వాతి ‘హిమ’తో సంధి కలిసి ‘జిద్ధిమగిరీంద్ర’ అవుతుంది. ఆ మాట పాటలో నిలవదు. పైగా జిత, సిత అనే జంట పోతుంది. పాట రాసిన వేటూరి చెవి అందుకు ఒప్పుకోదు.

దిగ్గజాలను జయించడమంటే గజాసుర సంహారం అని కొందరు చెబుతారు. నాకు అది అతకదు. గజాసురుడు రాక్షసుడు, దిగ్గజం కాదు. నేను అర్థం చేసుకున్నది వేరు. సంస్కృత కవుల వర్ణనల్లో ‘జిత’ అంటే యుద్ధంలో గెలవడమే కాదు, పోలికలో మించిపోవడం కూడా. ముఖం చంద్రుణ్ణి జయించింది అంటారు, కళ్ళు కలువలను జయించాయి అంటారు. ఐరావతం తెల్లని ఏనుగు. హిమగిరీంద్రం తెల్లని కొండ. సితం అంటే తెలుపు. శివుడు కర్పూరగౌరుడు, ఒళ్ళంతా తెలుపే. ఐరావతాన్ని ఓడించే తెలుపు, హిమాలయమంతటి తెలుపు ఉన్న మెడ గలవాడా అని పొడుగాటి సమాసంలో తెలుపు మీద తెలుపు పేర్చుకుంటూ పోయి, చటాలున “నీలకంధరా” అన్నాడు కవి. అంత తెల్లని మెడ మీద విషం మిగిల్చిన నీలిమ! ఒక్క చిన్న మాటలో క్షీరసాగర మథనమంతా వచ్చేసింది. ‘కంధరా’ రెండుసార్లు ఎందుకు, చర్వితచర్వణం కాదా అన్నవారికి నా జవాబు ఇదే. రెండోది లేకపోతే మొదటిది వట్టి వర్ణన.

‘హిమగిరీంద్ర + అసిత’ అని విడదీసి మొదటి కంధరం కూడా నల్లనిదే అనే వాదం ఒకటుంది. సవర్ణదీర్ఘం వస్తే ‘హిమగిరీంద్రాసిత’ అవ్వాలి. బాలు పాడింది హ్రస్వమే. మళ్ళీ విని చూడండి.

కందర, కంధర అనే తేడా కూడా చూడాలి. వత్తు లేని ‘కందర’ గుహ. మొదటిసారి కందర, రెండోసారి కంధర అనుకుంటే ‘హిమాలయపు తెల్లని గుహలో ఉండేవాడా, నల్లని మెడవాడా’ అని వస్తుంది. ఇదీ ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ అప్పుడు ‘దిక్కరీంద్రజిత’ ఒంటరిగా మిగిలిపోతుంది. ‘కంధర’ వ్యుత్పత్తి మాత్రం చూడదగ్గది. ‘కం’ అంటే శిరస్సు, దాన్ని ధరించేది కంధర, మెడ. ‘కం’ అంటే నీరు కూడా, అప్పుడు కంధరం మేఘం. తెల్లని మంచుకొండ మీద నల్లమబ్బు ఆగినట్టు ఒక చిత్రం ఆ మాట లోపల ఉంది. వేటూరి దాన్ని తలచి రాశారో లేదో గానీ, నాకు ఆ పాట వింటున్నప్పుడల్లా కనిపిస్తుంది.

ఈ చరణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది దానికి ముందున్న “మౌనవిచక్షణ గానవిలక్షణ”. త్యాగయ్య ‘సామజవరగమన’ కీర్తన అనుపల్లవిలో కృష్ణుణ్ణి “గానవిచక్షణ” అన్నాడు. వేటూరి ఆ మాటను విడదీసి గానానికి ‘విలక్షణ’ చేర్చి, ‘విచక్షణ’ను మౌనానికి ఇచ్చారు. మౌనంతోనే ఉపదేశం చేసిన దక్షిణామూర్తికి అంతకన్నా తగిన సంబోధన ఏముంటుంది? ఆ కీర్తన పల్లవి ఇదే సినిమాలో మరో పాటకు మొదలు కావడం చూస్తే, ఆల్బమ్ మొత్తాన్ని ఒక వరసలో వినాలనిపిస్తుంది. ‘నాదశరీరా’ కూడా అంతే. త్యాగయ్య “నాదతనుమనిశం శంకరం” అన్నదే తెలుగు పాటలోకి వచ్చింది. తనువు శరీరమైంది, శంకరుడు శంకరుడిగానే ఉన్నాడు. ఇదే సినిమాలోని ‘దొరకునా ఇటువంటి సేవ’లోనైతే త్యాగయ్య పల్లవి మాటలనే తీసుకుని తన చరణాలు కట్టారు. సంగీతం తెలిసిన ఇళ్ళలో మాటలు ఇలాగే చేతులు మారతాయి. దీన్ని అనుకరణ అనడం అన్యాయం.

1980 ఫిబ్రవరి 2న సినిమా విడుదలైనప్పుడు ఈ సమాసాలు ఎంతమందికి అర్థమయ్యాయో గానీ, పాటలు మాత్రం ఇంటింటా మోగాయి. కె.వి. మహాదేవన్‌కు, బాలుకు, వాణీ జయరాంకు ముగ్గురికీ జాతీయ అవార్డులు వచ్చాయి. మహాదేవన్ పద్ధతి ముందు సాహిత్యం, తర్వాత బాణీ. అందుకే ఇంత బరువైన సమాసం కూడా మధ్యమావతి రాగంలో ఎక్కడా విరగలేదు. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు చేత మహాదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గరుండి సాధన చేయించారు. ఆ కృషి ప్రతి ఒత్తులోనూ వినిపిస్తుంది.

చేర్పు: ఆ తర్వాత వచ్చే “క్షుద్రులెరుగని రుద్రవీణ నిర్నిద్రగానమిది” అనే పాదంలో ‘నిర్నిద్రగానం’ అంటే నిద్ర పోగొట్టే పాటా అని కింద ఒకరు అడిగారు. నిద్ర లేనిది, ఎప్పుడూ మేలుకుని ఉండేది అని అర్థం. క్షుద్రులు, రుద్రవీణ, నిర్నిద్ర అని ‘ద్ర’ మూడుసార్లు మోగడం గమనించండి. వీణ మీటు కోసమే ఆ అక్షరాన్ని ఎంచుకున్నారనిపిస్తుంది.

అమెరికాలో పిల్లలకు ఈ పాట నేర్పిస్తున్నామన్నవారికి ఒక మాట. ఇంగ్లీషు లిపిలో రాసిస్తే ద, ధ తేడా పిల్లలకు తెలియదు. తెలుగులోనే రాసివ్వండి. దిక్కరీంద్ర / జిత / హిమగిరీంద్ర / సిత / కంధరా అని విడగొట్టి, అర్థం చెప్పి ముందు చదివించండి, ఆ తర్వాత పాడించండి. ఊపిరి ‘కంధరా’ దాకా ఆపమనండి. ‘నీలకంధరా’ను మాత్రం తొందరపడి కలిపేయనివ్వకండి.