గోదావరి పేరుతో మూడు యుద్ధనౌకలు: తెలుగులో ఎట్ల వేరుచేసి రాయాలె?

ప్రశ్న (హనుమకొండ): నౌకాదళం మీద వ్యాసంలో 1983 నాటి యుద్ధనౌకను "రెండో గోదావరి" అన్న. ఒక పెద్దాయన "మూడోది" అని దిద్దిన్రు. ఏది సరి? పాత పేరు కొత్త నౌకకు పెడితే "పునర్జన్మ" అనొచ్చునా?

మంచిర్యాల: లెక్క ఎక్కడినుంచో చెప్పకుంటే రెండు మాటలూ నిలబడయి సార్. మొదటి గోదావరి 1943లో, బ్రిటిష్ పాలనలో ఉన్న నౌకాదళంలో చేరిన స్లూప్ అనే చిన్న యుద్ధనౌక. విభజనలో పాకిస్తాన్ వాటాకు పోయి "సింధ్" అయింది. 1953లో బ్రిటన్ నుంచి తెచ్చుకున్న పాత డిస్ట్రాయర్ "బెడేల్"కు మనవాళ్లు మళ్లీ అదే పేరు పెట్టిన్రు. మూడోది ముంబయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్. 1983 డిసెంబర్ 10న చేరి, 2015 డిసెంబర్ 23న సేవ నుంచి తప్పుకుంది. స్వాతంత్ర్యం తర్వాతి లెక్కలో ఇది రెండోదే, 1943 నుంచి లెక్కిస్తే మూడోది. అందుకే వరుస సంఖ్య వదిలేసి "గోదావరి (1983)" అని రాయండి.

అయితే ఆ సంవత్సరం కమిషన్ (నౌకాదళంలో అధికారికంగా చేరడం) అయినదే కావాలె, జలప్రవేశానిది (నౌకను మొదటిసారి నీళ్లలోకి దింపడం) కాదు. ఇప్పటి విమానవాహక నౌక విక్రాంత్ జలప్రవేశం 2013లో, నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబర్ 2న. నడుమ తొమ్మిదేండ్లు! పత్రికల్లో ఎక్కువ తప్పులు ఇక్కడనే పడుతున్నయి.

కరీంనగర్: అన్నా, నౌక పక్కన రాసి ఉండే పెనాంట్ నంబర్ ఇస్తే సరిపోదా?

మంచిర్యాల: ఒక్క నంబర్‌నే నమ్ముకోవద్దు తమ్మీ. పాత విక్రాంత్ ఆర్11, కొత్తదీ ఆర్11. జలాంతర్గాముల దగ్గర ఇంకా తిరకాసు: ఎస్23 అంటే 1967లో చేరిన కల్వరి, ఇప్పుడు అదే ఎస్23 2021లో చేరిన కరంజ్. నంబర్ రాయండి, పక్కన సంవత్సరం తప్పకుండా పెట్టండి.

"పునర్జన్మ" నాకు నచ్చదు. పాత విక్రాంత్ బ్రిటన్‌లో కట్టింది. 1961లో చేరి 1997లో తప్పుకుంది, తర్వాత తుక్కు కింద విడగొట్టిన్రు. కొత్తదాన్ని కొచ్చిలో మొదటినుంచి కట్టిన్రు. పాతదాని నుంచి వచ్చినవి పేరు, నంబర్, "జయేమ సం యుధి స్పృధః" అనే ఋగ్వేద వాక్యం (నౌక నినాదం). తాత పేరు మనుమనికి పెట్టుకున్నట్టే ఇది, తాతే తిరిగొచ్చినట్టు కాదు. "అదే పేరుతో కొత్త నౌక" అంటే చాలు.

వరంగల్: ఒక మాట కలుపుతున్న. పేరు ముందు పెట్టే "ఐఎన్ఎస్" (ఇండియన్ నేవల్ షిప్)లో నౌక అనే అర్థం ఉంది గదా అని కొందరు "గోదావరి నౌక"లో నౌకను కొట్టేస్తరు. మిగతా పేర్లకు సరే గానీ, గోదావరికి కొట్టేయొద్దు. "గోదావరికి వీడ్కోలు" అని శీర్షిక పెడితే బాసర నుంచి భద్రాచలం దాకా ప్రతి ఒక్కరూ నదే అనుకుంటరు. "గోదావరిలో సిబ్బంది" కూడా అంతే. "గోదావరి నౌకపై సిబ్బంది" అనాలె. బహువచనం "గోదావరులు" కాదు, "గోదావరి నౌకలు".

హనుమకొండ: మంచిది. మునిగిపోయిన నౌక పేరు కూడా మళ్లీ పెడ్తరా?

మంచిర్యాల: పెడ్తరు. ఖుక్రీ 1971 డిసెంబర్ 9న పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడిలో మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకతోపాటే పోయిండు. 1989లో ఒక కార్వెట్‌కు (చిన్న యుద్ధనౌకకు) ఆ పేరే పెట్టిన్రు. దాన్ని 2021లో సేవ నుంచి తప్పించిన్రు. ఈ రెండింటిని రాసేటప్పుడు "ఖుక్రీ (1989)" అని పెట్టకుంటే చదివేవాళ్లు మునిగిన నౌకనే 2021లో సేవ నుంచి తప్పించిన్రనుకుంటరు.