సమస్యాపూరణం: గోడ నెక్కి చేప కూడుఁ దినెను

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు అల్లి దీన్ని పూరించాలి. యతి గో–కూ. కల వచ్చిందనీ, సినిమాలో చూశాననీ తప్పించుకునే పూరణలు వద్దు. చేపను నిజంగా గోడ ఎక్కించండి.

అచ్చంపేట నుంచి:

గాజుతొట్టి లోన గలగల నీ రుర్క
పాచి పట్టె నద్దపలక మీఁద
రెక్క లాన్చి జార కెక్కుచుఁ బైపైకి
గోడ నెక్కి చేప కూడుఁ దినెను

కల్పన కాదు సార్. మా ఇంట్లో ఉన్నవి సెవెల్లియా లినియోలాటా, వియత్నాం కొండవాగుల చేపలు. పొట్ట కింది రెక్కలు రెండూ వెనక కలిసిపోయి, ముందు రెక్కలతో కూడి ఒంటి చుట్టూ అంచులా పరుచుకుంటాయి. బయట నిలబడి చూస్తే తెల్లటి పొట్ట, కిందికి తిరిగిన చిన్న నోరు, అది అద్దాన్ని గీకుతూ జరగడం కనిపిస్తుంది. వెనకవైపు అద్దం నేను కడగను. వాటి మేత అంతా అక్కడే.

నిర్వాహకుడు: "నీ రుర్క" మస్తుగున్నది! పాలమూరు మాట పద్యంలో ఒదిగింది. మూడో పాదంలో ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం: రెక్క–కెక్కు) సరిపోయింది కానీ, "ఎక్కుచు" అన్నాక మళ్ళీ "ఎక్కి" పునరుక్తి. "రెక్క లాన్చి జార కొక్కింత సాఁగుచు" అనండి, ప్రాసయతీ చెడదు.

గద్వాల నుంచి:

మిరుగు కార్తె నాఁడు మేలైన కూరతో
నమ్మ కలిపి పెట్టె నరుగు మీఁద
పిల్లి చూచి చూచి పిల్లల నేమార్చి
గోడ నెక్కి చేపకూడుఁ దినెను

నిర్వాహకుడు: విద్వద్గద్వాల అని ఊరికే అన్నారా! రెండు మాటలను సమాసం చేసి చేపను పళ్ళెంలోకి దించేశారు. చేపను ఎక్కించమంటే పిల్లిని ఎక్కించారు, అయినా అభ్యంతరం లేదు.

నల్లగొండ నుంచి:

కరెంటు పోవ నాఁగె మోటారంత
నూపి రాడ కడుగు నొదిగి పోయె
వెలుగు మరల రాఁగ వేడ్కతో వెన్వెంట
గోడ నెక్కి చేప కూడుఁ దినెను

నిర్వాహకుడు: "కరెంటు" జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలదిలో మొదటి గణంగా కుదరదు. ముందు ఒక్క "ఆ" చేర్చండి: "ఆ కరెంటు పోవ నాఁగె మోటారంత". గణాలు సర్దుకుంటాయి, యతీ వస్తుంది.

అచ్చంపేట నుంచి: గణాలు సర్దుకున్నా భావం సర్దుకోలేదన్నా. ఊపిరాడకపోతే ఇవి అడుగున ఒదగవు. మొప్పలు టకటకా కొట్టుకుంటూ నీటి పైఅంచుకు చేరుతాయి. రెండో పాదం "నూపి రాడ కదియు నుఱికెఁ బైకి" అంటే సరిగ్గా ఉంటుంది. ఇంకో మాట, కరెంటు రాగానే వేడ్కగా తినవు. కాసేపు రాయి మీద కదలకుండా పడుంటాయి. అయినా వేడ్క ఉంచండి, పద్యం కదా.

నల్లగొండ నుంచి: సవరణ తీసుకున్నాను. మరి మా ఎండలకు ఈ చేపలు బతుకుతాయా? మా బోరు నీళ్ళు కూడా బాగా గట్టివి, లవణాలు ఎక్కువ.

అచ్చంపేట నుంచి: అసలు చిక్కు ఎండతోనే. వీటికి 20 నుంచి 24 డిగ్రీలు హాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర ఏడున్నరే. మే నెలలో మన దగ్గర గదిలోనే 35 దాటుతుంది. నీటి మీదికి ఫ్యాను తిప్పితే ఆవిరితో కొన్ని డిగ్రీలు దిగుతుంది, కానీ తగ్గిన నీళ్ళు రోజూ నింపాలి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ గాలిపంపు లేకుండా మాత్రం కొనకండి. కొత్త తొట్టిలో అసలే వేయొద్దు, అద్దానికీ రాళ్ళకూ ముందు పాచి పట్టాలి. బోరు నీళ్ళయితే ఆర్‌వో నీళ్ళు కలిపి మెత్తబరచాలి.

గద్వాల నుంచి: ఇంత ఖర్చా! నాకు పిల్లే నయం.

నిర్వాహకుడు: వచ్చే వారానికి, మళ్ళీ ఆటవెలది నాలుగో పాదమే, ప్రాసయతితో: "బండ కరిగి పాఱె నెండలోన".