అసోసియేషన్ లెక్కల్లో "చిన్న సర్దుబాటు" పెద్ద విషయమా?

ప్రశ్న (మధురవాడ): మాది 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ప్రెసిడెంట్ గారు మంచివారే. వేసవిలో నీళ్ల ట్యాంకర్లకు బిల్లులు లేకపోతే పాత తేదీలతో వోచర్లు రాయించారు. ఇప్పుడు పెద్ద ఖర్చులకని అందరూ కలిసి దాచిన కార్పస్ ఫండ్‌లోంచి తీసి జీతాలిచ్చి, "వచ్చే నెల వేసేద్దాం" అంటున్నారు. అడగాలా, వదిలేయాలా?

జవాబు 1: అడగాలండీ. ఎంత డబ్బని కాదు, కాగితం మీద ఏం రాశారో చూడండి. పాత తేదీ వోచర్ ఒకటి పుస్తకంలోకెక్కితే నెలాఖరు నిల్వ తేలదు, దాన్ని కప్పడానికి రెండోది కావాలి. పైగా సంగతి తెలిసిన ట్రెజరర్ రేపు తప్పు చేస్తే ప్రెసిడెంట్ గారు నోరెత్తలేరు. నాకు అన్నిటికన్నా భయం వేసేది అదే.

జవాబు 2: హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ సంగతీ అంతే. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపినదానికీ తేడా మొదట స్వల్పమేనని, ఏళ్ల తరబడి పెరిగిందని దాని ఛైర్మన్ రామలింగరాజు గారే 2009 జనవరి 7న లేఖలో ఒప్పుకున్నారు. అప్పటికి లేని నగదు, బ్యాంకు నిల్వలే 5,040 కోట్లు.

జవాబు 3: కార్పస్‌కి వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు చేసి ఉంచడం మానిపించండి, రెండో సంతకం దండగయ్యేది అక్కడే. నెలనెలా ట్రెజరర్ కాని మనిషి బ్యాంకు స్టేట్‌మెంట్‌నీ క్యాష్‌బుక్‌నీ పక్కపక్కన పెట్టి టిక్ కొట్టాలి. బిల్లు రాకపోతే "బిల్లు లేదు, ట్యాంకర్, ఇంత" అని ఆ రోజు తేదీతోనే రాయండి. పాత వోచర్లు చించొద్దు, అసలు తేదీ పక్కన రాయించి కమిటీ సంతకాలు తీసుకోండి. మీటింగ్‌కి ముందే ప్రెసిడెంట్ గారితో విడిగా మాట్లాడండి.