గంటకు డబ్బు కట్టి లిజనింగ్ రూమ్‌లో పాటలు వినడం: వెళ్లినవాళ్లు చెప్పండి

కొండాపూర్_వేణు: జూబ్లీహిల్స్‌లో ఒక లిజనింగ్ రూమ్‌కి, అంటే మంచి స్పీకర్లు పెట్టి పాటలు వినిపించే గదికి, గంటకు 1,500 అంటున్నారు. అంత పెట్టొచ్చా? ఇద్దరం వెళ్తే ఇద్దరికీ కట్టాలా? నాన్న దాచిన పాత రికార్డులు తీసుకెళ్తే వేస్తారా?

సితార_అభిమాని: నేను వెళ్లింది వేరే చోటికి. డబ్బు ముందే కట్టించుకుని ఏసీ మాత్రం ఆపలేదు. బాలమురళి గారి పాత కచేరీ పెట్టించుకుంటే తంబురా సగం ఆ గాలి చప్పుడులోనే పోయింది. అడిగితే "మే నెల కదా మేడమ్" అన్నారు. నిశ్శబ్దం కోసమే కదా డబ్బు కట్టేది!

బాస్_రాజా: తలుపులు బిగించిన గది, నలుగురు మనుషులు, పక్కన కుంపటిలా వేడెక్కే గాజు వాల్వుల ఆంప్లిఫయర్. ఏసీ ఆపితే పది నిమిషాలు కూర్చోలేరు. వాళ్ల తప్పేం లేదు.

సితార_అభిమాని: ముందే చల్లబరిచి పాట మొదలవగానే ఆపొచ్చు. ఎల్పీ రికార్డు ఒక వైపు 20 నిమిషాలే కదా. మీరు బేస్ కొట్టుడు వినేవాళ్లు, మీకు తంబురా పోతే ఏంటి?

బాస్_రాజా: నేనేం వింటానో మీకెలా తెలుసు? మర్యాదగా మాట్లాడండి.

స్టూడియో_మూర్తి: ఇద్దరూ ఆగండి. స్టూడియో గదులు కట్టడమే నా వృత్తి. ఏసీ గాలి వచ్చే డక్ట్ వెడల్పుగా వేసి, లోపల చప్పుడు పీల్చే లైనింగ్ పెట్టి, గాలి నెమ్మదిగా వదిలితే చప్పుడు వినపడదు. మామూలు స్ప్లిట్ ఏసీ తగిలించి లిజనింగ్ రూమ్ అని డబ్బు వసూలు చేయడం అన్యాయం.

కోఠీ_డీఐవై: మూర్తి గారూ, గుజరాతీ గల్లీలో సామాను కొని స్పీకర్ బాక్సులు నేనే కట్టుకున్నా. మా గది 10 బై 10 అడుగులు. ఒక్క బేస్ నోట్ దగ్గర గదంతా మోగుతోంది, స్పీకర్ మార్చాలా?

స్టూడియో_మూర్తి: మార్చినా పోదు. 10 అడుగుల దూరంలో గోడలుంటే 56 హెర్ట్జ్ దగ్గరి బేస్ రెండు గోడల మధ్య చిక్కుకుని మోగుతూనే ఉంటుంది, మీకు పొడవూ వెడల్పూ ఒకటే కాబట్టి బాధ ఇంకా ఎక్కువ. మూలల్లో రాక్‌వూల్ (రాతి పీచు పలకలు) మందంగా పెట్టండి. కుర్చీ వెనక గోడకు ఆనించొద్దు, సరిగ్గా నడిమధ్యలోనూ వేయొద్దు. కోడిగుడ్ల అట్టలు మాత్రం అంటించకండి, బేస్‌ని అవి ఏమీ చేయలేవు.

కూకట్‌పల్లి_శ్రోత: షోరూమ్‌లో ఊరికే వినొచ్చుగా, 1,500 ఎందుకు?

సితార_అభిమాని: షోరూమ్‌లో అమ్మేవాడు పక్కనే ఉంటాడు, ఖరీదైన దానికి సౌండ్ కొంచెం పెంచితే చాలు, చెవికి అదే బాగున్నట్టు ఉంటుంది. డబ్బు కట్టిన గంట నాది, ఒకే పాట ఎన్నిసార్లైనా వింటా.

కొండాపూర్_వేణు: రికార్డుల సంగతి ఎవరైనా చెప్పండి!

మారేడ్‌పల్లి_రికార్డ్స్: ముందు ఫోన్ చేసి కనుక్కో తమ్ముడూ. అవి నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులైతే గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు పనికిరాదు, వేరే ముల్లు ఉందో లేదో అడుగు. దుమ్ము తుడవకుండా ఇస్తే ఎవరూ వేయరు, వేయకూడదు కూడా. పాత పాటలు మోనో కదా, రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది, రెండింటికీ సమాన దూరంలో కూర్చుంటేనే గొంతు సరిగ్గా మధ్య నుంచి వినిపిస్తుంది. అలాంటి కుర్చీ ఒక్కటే ఉంటుంది, అందులో నాన్నని కూర్చోబెట్టు.

కోఠీ_డీఐవై: రాక్‌వూల్ ఎక్కడ దొరుకుతుంది?

స్టూడియో_మూర్తి: రాణిగంజ్‌లో అడగండి. గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోకండి. గుడ్డ చుట్టాకే గదిలో పెట్టండి.