కొండవీడు కోట పైన మెట్లు తక్కువున్న దారి ఏది?

గుంటూరు నుంచి కొండవీడుకు రెండుసార్లు వెళ్లి సగంలోనే తిరిగొచ్చాం. మొదటిసారి కారులో ఘాట్ రోడ్డెక్కి పైకి చేరేసరికి 11 దాటింది, ఒకటే ఎండ. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ పది నిమిషాలు నడిచి కూర్చుండిపోయింది. నేనొక్కణ్నే మ్యాప్ చూసుకుంటూ వెళ్తే కంపచెట్ల దగ్గర దారి ఆగిపోయింది. పోయిన ఆదివారం పొద్దున్నే బయల్దేరాం కానీ, కింద గోపీనాథస్వామి గుడి, కత్తులబావి చూసేసరికే ఆవిడ ఓపిక అయిపోయింది. తప్పు నాదే, ముందు పైకి వెళ్లాల్సింది. అద్దంకి నుంచి రెడ్డిరాజులు రాజధాని మార్చింది ఇక్కడికేనని తెగ ఊరించాను మరి!

ఈసారి 8కల్లా పైన ఉంటాం. కారు ఆపిన చోటు నుంచి బురుజులు, చెరువులు రెండూ చూపించేలా, మెట్లు తక్కువున్న దారి ఎటువైపు?