విశాఖ మేయరును ఓటరే నేరుగా ఎన్నుకోవాలా?

పాతపోస్టాఫీసు:
2021 మార్చిలో విశాఖ మహానగరపాలక సంస్థ (జీవీఎంసీ)లోని 98 వార్డులకు ఎన్నికలు జరిగితే వైకాపా 58, తెలుగుదేశం 30 గెలిచాయి. వైకాపా తరఫున గొలగాని హరి వెంకట కుమారి మేయరయ్యారు. నాలుగేళ్లు నిండాక, 2025 ఏప్రిల్ 19న, అదే కౌన్సిల్ ఆమెను అవిశ్వాసంతో దించివేసి, కొద్ది రోజులకే తెలుగుదేశానికి చెందిన పీలా శ్రీనివాసరావును ఎన్నుకుంది. ఈ మార్పు కోసం నగరంలో ఒక్క ఓటరూ వేలికి సిరా అంటించుకోలేదు. 1995లో సబ్బం హరిని, 2000లో రాజాన రమణిని నేరుగా ఎన్నుకున్న ఊరికి ఆ హక్కు తిరిగి ఇవ్వాలని నా వాదన.

బెల్లంమార్కెట్:
కార్పొరేటర్లు పార్టీ మారితే తప్పు వారిది గాని పద్ధతిది కాదు. మేయరును ఎలా ఎన్నుకోవాలో రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం రాష్ట్ర శాసనసభకే వదిలేసింది. హైదరాబాదులో 2002లో తీగల కృష్ణారెడ్డిని నేరుగానే ఎన్నుకున్నారు. అయినా కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించిన కమిషనరు చేతిలోనే ఉండిపోయింది.

లెక్కలమాస్టారు:
అవిశ్వాసం నాటి సభ్యుల సంఖ్య 111, అందులో ఎక్స్‌అఫీషియో (వేరే పదవి వల్ల సభ్యులైన) వారు 14 మంది. తీర్మానం నెగ్గడానికి కావలసిన మూడింట రెండు వంతులంటే సరిగ్గా 74; పడిన ఓట్లూ 74. వార్డుల్లో పోటీ చేయని ఎమ్మెల్యేలకు, ఎంపీలకు ఇందులో ఓటెందుకని ఎవరూ అడగరేం?

పాతపోస్టాఫీసు:
మాస్టారూ, అది తర్వాత చూద్దాం. వార్డుల పునర్విభజనలో మా వీధిని నడిమికి చీల్చారు. ఎడమ పక్క కాల్వ ఒక కార్పొరేటరుది, కుడి పక్కది మరొకరిది. వాన పడితే మురుగు మాత్రం ఇద్దరి హద్దూ దాటి మా గడపలోకి వస్తుంది. నగరమంతటి ఓటుతో గెలిచిన మేయరైతే ఎవరి వార్డని అడగకుండా పని చేయిస్తారు.

బెల్లంమార్కెట్:
మీ బాధ నిజమే గాని, అది వార్డు గీత తెచ్చిన బాధ. ఆ గీతలు గీసేది ప్రభుత్వ యంత్రాంగం; అభ్యంతరాలకు కొద్ది రోజుల గడువిచ్చి ముగించేస్తారు. మీరు అడగవలసింది స్వతంత్ర సంఘాన్ని, మేయరు ఓటును కాదు.

భీమిలిగాలి:
2012 నుంచి 2021 దాకా అసలు కౌన్సిలే లేదు. ముందు ఎన్నికలు వేళకు జరపమనండి.

పాతపోస్టాఫీసు:
గీతల సంగతి నాకు పాఠం చెప్పనక్కరలేదు, ఆ గీత మీద కాపురం ఉంటున్నది నేను. 2022 నుంచి అనకాపల్లి వారికి సొంత జిల్లా ఉంది కదా, విశాఖ మేయరు మీద మీకు ఇంత పట్టింపు దేనికి?

బెల్లంమార్కెట్:
పట్టింపు ఎందుకో చెబుతాను. 2013లో మా పురపాలక సంఘాన్ని మీ నగరంలో కలిపేశారు. ఇప్పుడు మా కలెక్టరు ఇక్కడ, మా కమిషనరు అక్కడ. ఇంటి పన్ను మాత్రం జీవీఎంసీకే కడుతున్నాము. మేయరుకు నేరుగా ఓటు వేసే పద్ధతి వస్తే ఏ అభ్యర్థి అయినా గాజువాకలో, ఎంవీపీ కాలనీలో ఓట్లు పోగు చేసుకుంటాడు గాని లంకెలపాలెం దాటి మా దాకా ఎందుకు వస్తాడు? కౌన్సిల్ ఎన్నుకుంటే కనీసం మా కార్పొరేటర్ల అవసరం పడుతుంది.

పాతపోస్టాఫీసు:
అంటే మీకు మేయరు పదవిపై అభ్యంతరం లేదు, మా ఓట్లు మీకన్నా ఎక్కువని అభ్యంతరం. జనాభా ఎక్కువున్న చోట ఓట్లు ఎక్కువుండడం నేరమా?

బెల్లంమార్కెట్:
నేరమని నేననలేదు. మమ్మల్ని అడగకుండా కలుపుకొని, ఆ తర్వాత లెక్కలో తక్కువున్నామని చెప్పడం న్యాయం కాదంటున్నాను. మాస్టారు చెప్పిన 74లో ఒక్క ఓటు తగ్గినా తీర్మానం వీగిపోయేది. అలాంటి రోజున అనకాపల్లి కార్పొరేటరు తలుపు తట్టక ఎవరికీ తప్పదు.

పాతపోస్టాఫీసు:
ఆ తలుపు తట్టేవారెవరూ మీ కాల్వ గురించి అడగడానికి రారు.